కాటా దగ్గర ఆగిన ఈఆర్‌పీ: చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రెండు సీజన్లు

2024 జూన్ మొదటి వారం. రాత్రి పదకొండున్నర అయింది. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి కాయతో ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాకా నిలబడి ఉన్నాయి. కాటా గదిలో కొత్త కంప్యూటర్, దాని ముందు ఇరవై ఏళ్లుగా ఆ కాటా చూస్తున్న గుమాస్తా, ఆయన వెనక నేను. స్క్రీన్ మీద ఎర్రటి గీత వచ్చింది: వెండర్ కోడ్ లేదు. అంటే సరుకు అమ్మే మనిషికి సిస్టంలో ఇచ్చే నంబర్ లేదని. కిటికీ అవతల నిలబడ్డ రైతుకు విషయం చెప్పాను. "పొద్దున కోసిన కాయమ్మా, మాగిపోతా ఉండాది. మీ పెట్టెలో నా పేరు లేకపోతే ఏమి, కాయ అయితే ఇక్కడే ఉండాది కదా" అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు.

నేను తిరుపతిలో ఉంటాను. ఈఆర్‌పీ అంటే కంపెనీలో కొనుగోళ్లు, స్టాకు, ఉత్పత్తి, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్. ఎస్ఏపీ అలాంటిదే. పన్నెండేళ్లుగా అందులో కొనుగోళ్లు, స్టాకు చూసే మెటీరియల్ మేనేజ్‌మెంట్ మాడ్యూల్‌లో పనిచేస్తున్నాను. ఈ ఫ్యాక్టరీ చాలా ప్లాంట్లున్న ఒక పెద్ద గ్రూపుది. హెడ్డాఫీసు వేరే రాష్ట్రంలో ఉంది. గ్రూపంతా ఒకే ఈఆర్‌పీలోకి రావాలని నిర్ణయించి, చిత్తూరు ప్లాంటు పని మా టీముకు అప్పగించారు. కంపెనీ పేరు అవసరం లేదు కాబట్టి చెప్పడం లేదు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. దాన్ని అమర్చిన మాది, అమర్చిన పద్ధతిది.

పెద్ద కంపెనీలు ఈఆర్‌పీ మీద అంత డబ్బు ఎందుకు పోస్తాయో ముందు చెప్పాలి. పాత పద్ధతిలో ఈ ఫ్యాక్టరీలో కాయ లెక్క నాలుగు చోట్ల ఉండేది. కాటా దగ్గర చీటీల కట్ట, స్టోరులో రిజిస్టర్, ప్రొడక్షన్‌లో ఎక్సెల్ షీటు, అకౌంట్స్‌లో ట్యాలీ. నెలాఖరుకు నాలుగూ నాలుగు మొత్తాలు చూపించేవి. ఏది నిజమో తేల్చడానికి నలుగురు మనుషులు రెండు రోజులు కూర్చునేవాళ్లు. ఈఆర్‌పీలో కాటా మీద పడిన తూకం ఒక్కసారే ఎక్కుతుంది. అదే స్టోరుకు స్టాకు, అదే అకౌంట్స్‌కు రైతుకు ఇవ్వాల్సిన బాకీ, అదే ప్రొడక్షన్‌కు ముడిసరుకు. 1972లో జర్మనీలో ఐబీఎం నుంచి బయటికి వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు ఎస్ఏపీని మొదలుపెట్టినప్పటి నుంచీ దాని వెనకున్న ఆలోచన ఇదే. ఆ ఆలోచన మీద నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం ఉంది.

మరి ఆ రాత్రి ఎందుకు ఆగింది?

టెంప్లేటు ఎక్కడ పుట్టింది

పెద్ద గ్రూపులు ప్రతి ప్లాంటుకూ కొత్తగా డిజైన్ చేయవు. ఒకచోట నడిచిన పద్ధతిని టెంప్లేటుగా తీసుకుని మిగతా చోట్ల దించుతాయి. దీన్నే రోలవుట్ అంటాం. మాకు వచ్చిన టెంప్లేటు ప్యాకింగ్ ప్లాంట్ల కోసం చేసింది. అక్కడికి వచ్చే సరుకు బాటిళ్లు, అట్టపెట్టెలు, పంచదార. సప్లయర్లు యాభై, అరవై మంది. ముందు పర్చేజ్ ఆర్డర్ వేస్తారు, తర్వాత సరుకు వస్తుంది, ఆ తర్వాత బిల్లు వస్తుంది. ఈ మూడూ సరిపోలితేనే డబ్బు కదులుతుంది. శ్రీసిటీలోనో రేణిగుంట ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లోనో బార్‌కోడ్ అతికించుకుని వచ్చే విడిభాగానికి ఇది అతికినట్టు సరిపోతుంది.

మామిడి కాయ అలా రాదు. సీజన్ జూన్, జూలై నెలల్లో ముమ్మరంగా ఉంటుంది. రైతులు వేలల్లో ఉంటారు. కొందరు తోట నుంచి నేరుగా తోలుతారు, కొందరు బంగారుపాళెం మండీకి పోతారు, కొందరి కాయ ర్యాంపు మీదుగా, అంటే మధ్యలో వేరే వ్యాపారి కాటా వేసి పోగుచేసే చోటు నుంచి వస్తుంది. ఎవరికీ ముందుగా ఆర్డర్ ఉండదు, టోకెన్ ఉంటుంది. ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కోసిన కాయ ఎండలో రెండు రోజులు నిలబడితే బరువు తగ్గుతుంది, అడుగు కాయ నలిగిపోతుంది.

ఇవన్నీ నాకు తెలియనివి కావు. నేను పుట్టింది ఈ ప్రాంతంలోనే. కానీ డిజైన్ సమావేశాలు జనవరిలో జరిగాయి. అప్పుడు కాటా మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆఫీసు గదిలో పర్చేజ్ మేనేజర్, అకౌంట్స్ హెడ్ చెప్పింది రాసుకున్నాం, బొమ్మలు గీశాం, సంతకాలు పెట్టించుకున్నాం. కాటా గుమాస్తాను ఆ గదిలోకి పిలవలేదు. పిలవాల్సిన బాధ్యత నాది.

తేదీ గురించి మాత్రం గట్టిగానే వాదించాను. గ్రూపులో అన్ని ప్లాంట్లకూ జూన్ 1న గో-లైవ్, అంటే కొత్త సిస్టం మీద అసలు పని మొదలు, అన్నారు. సీజన్ మొదటి రోజే కొత్త సిస్టం వద్దు, సెప్టెంబర్‌కు జరపండి అని అడిగాను. అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ కథ వాళ్ల ముందు పెట్టాను. ఆ కంపెనీ 1999లో మూడు పెద్ద సాఫ్ట్‌వేర్లను ఒకేసారి ఎక్కించింది. ఏప్రిల్‌లో మొదలవ్వాల్సింది జూలైకి జరిగింది. అంటే అక్టోబర్ చివర మిఠాయిలు విపరీతంగా అమ్ముడుపోయే హాలోవీన్ పండుగ ఆర్డర్లు వచ్చి పడే సమయానికి సిస్టం కొత్తది, మనుషులకు చేయి తిరగలేదు. గోదాముల్లో సరుకు ఉంది, కానీ దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు దుకాణాలకు చేరలేదు. మాకు హాలోవీన్ జూన్‌లోనే వస్తుందని చెప్పాను. విన్నారు, తలూపారు. మిగతా ప్లాంట్ల తేదీలు దీనితో ముడిపడి ఉన్నాయని జూన్ 1నే ఖాయం చేశారు.

మూడు రోజులు

మొదటి ఇబ్బంది రైతు పేరు ఎక్కించే చోటే వచ్చింది. టెంప్లేటులో కొత్త వెండర్‌ను చేర్చాలంటే జీఎస్‌టీ నంబర్ తప్పనిసరి. బాటిళ్ల కంపెనీకి అది సరైన నియమమే. కానీ సొంత పొలంలో పండించి అమ్ముకునే రైతు ఆ పంటకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదని చట్టమే చెబుతోంది. ఆ నంబర్ లేకుండా స్క్రీన్ ముందుకు కదలదు. రెండో రోజు రాత్రి డేటా ఎంట్రీ చేసే కుర్రాడు చెయ్యని ప్రయత్నం లేదు. సున్నాలు కొట్టాడు, తీసుకోలేదు. 'వర్తించదు' అని ఇంగ్లీషులో కొట్టాడు, పదిహేను అక్షరాలు కావాలంది. బయట హారన్లు మోగుతున్నాయి. చివరికి ఎప్పటిదో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు బిల్లు మీదున్న నంబర్ చూసి అందరికీ అదే కొట్టేశాడు. బండ్లు కదిలాయి. ఆ రాత్రి వచ్చిన రైతులందరూ లెక్కల్లో ఒకే లారీ యజమాని నంబర్ కింద చేరిపోయారు. దాన్ని విడదీయడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆ అబ్బాయిని తిట్టినవాళ్లున్నారు. నేను తిట్టలేదు. ఆకలితో, నిద్ర లేకుండా గేటు దగ్గర నిలబడ్డ మనుషులను చూసి దారి వెతికాడు. దారి లేకుండా చేసింది మేము.

పైగా కొత్త వెండర్‌ను హెడ్డాఫీసులో ఒకరు అప్రూవ్ చేయాలి. వాళ్ల ఆఫీసు సాయంత్రం ఆరింటికి మూస్తారు. మన ట్రాక్టర్లు ఎండ తగ్గాక బయల్దేరి రాత్రి ఎనిమిది తర్వాత చేరతాయి.

రెండో ఇబ్బంది ధర. ఆర్డర్‌లో ధర లేకపోతే సిస్టం సరుకు తీసుకోదు. ఆ రోజు ధర యాజమాన్యం సాయంత్రానికి గానీ తేల్చదు. పొద్దున వచ్చిన బండి కోసం ఎవరో కిలోకు 1 రూపాయి అని వేశారు, తర్వాత మారుద్దామని. మాది మూవింగ్ యావరేజ్ పద్ధతి, అంటే సరుకు వచ్చినప్పుడల్లా స్టాకు సగటు ధర మారుతుంది. హెడ్డాఫీసు తెరమీద లక్షల కిలోల కాయ విలువ ఒక్కసారిగా పాతాళానికి పడింది. ఫోన్లు మొదలయ్యాయి. సరైన ధరతో బిల్లు ఎక్కితే సగటు తానే సర్దుకోవాలి కదా అని అడగవచ్చు. సరుకు ఇంకా స్టాకులో ఉంటేనే సర్దుకుంటుంది. కాయ వారంలో గుజ్జయిపోతుంది. స్టాకులో లేని సరుకు తాలూకు తేడా వేరే ఖాతాలోకి పోయి కూర్చుంటుంది. ఆ నెల గుజ్జు డ్రమ్ము ఖరీదు కాగితం మీద నమ్మలేనంత చవక, తేడా ఖాతా మాత్రం కొండంత.

మూడోది తూకమే. కాటా గదిలో పని చేసే చేతులకు కాయ సొన అంటుకుని ఉంటుంది. చీటీ, పెన్ను అయితే తుడుచుకుని రాస్తారు. కీబోర్డు మీద సొన ఎండితే మీటలు అతుక్కుపోతాయి. ఇది ఏ డిజైన్ డాక్యుమెంట్‌లోనూ లేదు. కాగితం మీద ఒక బండికి ఆరు నిమిషాలు పట్టేది, మా స్క్రీన్ మీద ఇరవై దాటింది. టెన్షన్‌లో తప్పులు, తప్పు దిద్దడానికి ఇంకో పది నిమిషాలు.

మూడో రోజు తెల్లవారుజామున ప్లాంట్ హెడ్‌తో మాట్లాడాను. గేటు దగ్గర మళ్లీ చీటీలకు పోదాం, చీటీలు పట్టుకుని రెండు షిఫ్టుల్లో వెనక నుంచి సిస్టంలో ఎక్కిద్దాం అని అడిగాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి సరే అన్నాడు. హెడ్డాఫీసు దృష్టిలో అది వెనకడుగు. నా దృష్టిలో ఆ ప్రాజెక్టు మొత్తంలో మేం తీసుకున్న మంచి నిర్ణయం అదే. తెల్లారేసరికి లైను కదిలింది. మిగతా సీజనంతా అలాగే నెట్టుకొచ్చాం. సీజన్ ముగిసేసరికి సిస్టంలో 2,300 రైతు కోడ్లు ఉన్నాయి, వాటిలో నాలుగు వందలకు దగ్గరగా ఒకే మనిషికి రెండోసారి చేసినవి.

ఎక్కడ సిస్టం వంగాలి, ఎక్కడ మనం వంగాలి

సెప్టెంబర్ నుంచి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మొదటి వారం ఆఫీసులో కూర్చోలేదు. కాటా గుమాస్తా పక్కన కుర్చీ వేసుకుని పాత చీటీలు ఒక్కొక్కటే చదివించుకున్నాను. ప్రతి చీటీలో ఒక మూల పెన్సిల్‌తో చిన్న అంకె ఉంది. అదేమిటన్నా అని అడిగితే "తరుగు మేడం. ఇది మట్టికి, ఇది నలిగిన కాయకు, ఇది మా సార్ చెప్పినందుకు" అన్నాడు. జనవరి సమావేశాల్లో ఈ తరుగు మాట ఒక్కరూ ఎత్తలేదు. రైతుకు డబ్బు తగ్గేది అక్కడే, రైతుకు కోపం వచ్చేది అక్కడే. ఫ్యాక్టరీకి మాత్రం అది లెక్కలోనే లేని విషయం.

ఈ రంగంలో ఎప్పుడూ రెండు వాదనలుంటాయి. సాఫ్ట్‌వేర్‌ను మన అలవాటుకు తగ్గట్టు మార్చుకోవాలని ఒకటి, సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు మనమే మారాలని ఒకటి. జర్మనీ సూపర్‌మార్కెట్ కంపెనీ లిడ్ల్ ఏడేళ్లు కష్టపడి, సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చుపెట్టి, 2018లో ఎస్ఏపీ ప్రాజెక్టును ఆపేసింది. స్టాకును కొన్న ధరలో లెక్కగట్టే తన అలవాటును వదులుకోకుండా సాఫ్ట్‌వేర్‌నే మార్చబోవడం అందుకు ఒక కారణమని అప్పట్లో పత్రికలు రాశాయి. కాబట్టి అన్నీ మనకు తగ్గట్టే మార్చమని అడగడం కూడా ప్రమాదమే. ఒక్కో విషయాన్నీ విడిగా తేల్చుకోవాలి.

గేటు దగ్గర సిస్టమే వంగాలని తేల్చాం. కాటా గదికి ఒక చిన్న స్క్రీన్ విడిగా చేయించాం. అందులో నాలుగే గళ్లు: టోకెన్, బండి నంబర్, తరుగు, తరుగుకు కారణం. తూకం ఎవరూ కొట్టరు. కాటా ఇండికేటర్ నుంచి కేబుల్ నేరుగా కంప్యూటర్‌లోకి వస్తుంది, నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు దానంతట అదే పడతాయి. కీబోర్డు తీసేసి పైన ప్లాస్టిక్ పొర ఉన్న అంకెల ప్యాడ్ పెట్టాం. నెట్ పోయినా, కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు కూడా, తూకాలు అక్కడి కంప్యూటర్‌లో నిలిచి తర్వాత ఎస్ఏపీలోకి వెళ్తాయి. గళ్ల పేర్లు తెలుగులో పెట్టాం.

ధర విషయంలోనూ సిస్టమే వంగింది, కానీ దాని పద్ధతిలోనే. రోజుకొక ఆర్డర్, అందులో నిన్నటి ధరను అంచనా ధరగా పెట్టి, అది అంచనా అని గుర్తు వేస్తాం. సాయంత్రం ధర తేలగానే అదే రోజు సవరిస్తాం. కాయ ఇంకా మాగబెట్టే గదుల్లోనే ఉంటుంది కాబట్టి సగటు సరిగ్గా సర్దుకుంటుంది. రైతు బిల్లు తీసుకుని రావాల్సిన పని లేదు. తీసుకున్న సరుకు తూకాన్ని బట్టి సిస్టమే బాకీ లెక్క తయారు చేస్తుంది.

తరుగు దగ్గర మాత్రం ఫ్యాక్టరీ వంగాలని పట్టుబట్టాను. పెన్సిల్ అంకె కుదరదు. కారణం ఎంచుకోకుండా తరుగు వేస్తే స్క్రీన్ కదలదు, ఆ కారణం రైతు చేతికిచ్చే చీటీ మీద తెలుగులో ప్రింటవుతుంది. 'సార్ చెప్పినందుకు' అనే కారణం జాబితాలో లేదు. దీనికి లోపల చాలా గొడవ జరిగింది. రెండు వారాలు ఫైలు కదల్లేదు. చివరికి హెడ్డాఫీసు ఆడిట్ వాళ్లు నా వైపు నిలబడ్డారు. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏ అంకె మార్చారో చెరగని జాడ ఉండాలని నిబంధన ఉంది. కాటా చీటీ మీద అంకె మారి, ఎందుకు మారిందో జాడ లేకపోతే తర్వాత లెక్కలన్నిటికీ పునాది లేనట్టే అని వాళ్లు చెప్పారు.

ఇంకొకటి ఎవరూ వంగాల్సిన పని లేనిది, చూడాల్సింది మాత్రమే. పచ్చి కాయను ఐదారు రోజులు మాగబెట్టాకే గుజ్జు తీస్తారు. ఆ రోజుల్లో కాయ బరువు తగ్గుతుంది. మా గదుల్లో కొలిస్తే వంద టన్నులకు ఐదారు టన్నులు తగ్గాయి. మొదటి సీజన్లో టెంప్లేటుకు ఈ సంగతి తెలియదు. కాటా మీద వంద వస్తే గదిలో వంద ఉన్నట్టే చూపించింది. రోజురోజుకూ లేని కాయ పేరుకుపోయి, జూలైకి సిస్టంలో వందల టన్నులు నిల్వ, గదుల్లో ఖాళీ ట్రేలు. హెర్షీలో సరుకు ఉండీ కదల్లేదు. ఇక్కడ సిస్టంలో కాయ ఉంది, గదిలో లేదు. ఈసారి పచ్చి కాయకు ఒక కోడ్, మాగిన కాయకు ఒక కోడ్ పెట్టాం. గది తెరిచిన రోజు మళ్లీ తూచి ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి మారుస్తాం, తగ్గిన బరువు విడిగా రాస్తాం. ఇప్పుడు ఏ గదిలో ఎక్కువ తగ్గుతోందో కూడా కనిపిస్తోంది. ఒక గది తలుపు రబ్బరు చిరిగిన సంగతి మొదట ఈ అంకెల్లోనే బయటపడింది.

రైతుల పేర్లు ఎక్కించే పని ఏప్రిల్, మే నెలల్లోనే మొదలుపెట్టాం. అందరినీ ఒకే తాత్కాలిక కోడ్ కింద నడిపించే సులువు దారి ఎస్ఏపీలో ఉంది. వద్దన్నాను. అలా చేస్తే రైతు కనిపించడు. ఇద్దరు మనుషులు ట్యాబ్‌లు పట్టుకుని ఊళ్లకు వెళ్లి బ్యాంకు పాస్‌బుక్, పట్టాదారు పాస్‌బుక్ చూసి ఎక్కించారు. జీఎస్‌టీ గడి రైతులకు ఉండదు. మనిషిని గుర్తించడానికి పేరు కాదు, బ్యాంకు ఖాతా నంబర్ ఆధారం. ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు ముగ్గురు నలుగురు ఉంటారు. అడ్రసు కూడా నమ్మకం లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక దామలచెరువు రైతు పాత జాబితాలో చిత్తూరు జిల్లా, కొత్త కాగితాల్లో తిరుపతి జిల్లా. మా నాలుగు వందల డూప్లికేట్లలో చాలావరకు ఇలా పుట్టినవే.

2025 సీజన్

రెండో సీజన్లో మొదటి రాత్రి నేను మళ్లీ కాటా గదిలోనే ఉన్నాను. బండికి నాలుగు నిమిషాలు. గుమాస్తా ఒకసారి వెనక్కి తిరిగి "ఇంక మీరు పోయి పడుకోండి మేడం" అన్నాడు. నేను పోలేదు, తెల్లారే దాకా కూర్చున్నాను.

ఆ ఏడు తోతాపురి ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, పైన 4 రూపాయలు రాష్ట్ర ప్రభుత్వం రైతుకు ఇస్తుందని ప్రకటన వచ్చింది. దానితో ఏ రైతు ఎన్ని కిలోలు తోలాడన్న లెక్కకు ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. కాటా చీటీ మీద పేరు తప్పయితే ఆ 4 రూపాయలు ఇంకొకరికి పోతాయి, లేదా ఎవరికీ పోవు. ఏప్రిల్‌లో ఊళ్లు తిరిగి ఎక్కించిన పేర్లు అప్పుడు అక్కరకొచ్చాయి. మా దగ్గర రైతు వారీ జాబితా ఒక్క పూటలో తయారైంది. 2024లో అయితే ఆ జాబితాలో ఒక రాత్రి వచ్చిన రైతులందరూ లారీ యజమాని నంబర్ కింద ఉండేవాళ్లు.

ఇంకో సంగతి డిసెంబర్‌లో జరిగింది. విదేశీ కొనుగోలుదారు ఒకరు కొన్ని డ్రమ్ముల గుజ్జు రంగు తేడాగా ఉందని రాశారు. ఒక్కో డ్రమ్ములో 215 కిలోల గుజ్జు ఉంటుంది, దాని మీద బ్యాచ్ నంబర్ ఉంటుంది. ఇదివరకు ఇలాంటి ఉత్తరం వస్తే మూడు రోజులు రిజిస్టర్లు తిరగేసేవాళ్లు, అయినా ఒక అంచనాకు రావడమే. ఈసారి క్వాలిటీ ల్యాబ్‌లో ఉన్న అమ్మాయి బ్యాచ్ నంబర్ కొట్టింది. ఏ రోజు తీసిన గుజ్జు, ఏ గదిలో మాగిన కాయ, ఆ గదిలోకి ఏయే టోకెన్ల కాయ పోయింది అన్నీ వరసగా వచ్చాయి. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ గది కాయ రెండు రోజులు ఎక్కువ మాగిందని తేలింది. మిగతా బ్యాచ్‌లకు ఏమీ కాలేదని ఆధారంతో రాయగలిగాం.

వెనక్కి వెళ్తున్న ఆ జాడ రైతు దాకా అన్నిసార్లూ చేరదు. నేరుగా తోలిన కాయకు చేరుతుంది. ర్యాంపు మీదుగా వచ్చిన లారీలో పదిమంది రైతుల కాయ కలిసిపోయి ఉంటుంది, మా టోకెన్ ర్యాంపు యజమాని పేరుతోనే పుడుతుంది. అక్కడి కాటా మాది కాదు, అక్కడి తరుగు మా స్క్రీన్‌లో లేదు. వచ్చే సీజన్‌కు ఇద్దరు ర్యాంపు యజమానులు తమ కాటాకు మా చిన్న స్క్రీన్ పెట్టుకుంటామన్నారు. తరుగు కారణం ప్రింటవుతుందని చెప్పగానే మరో ముగ్గురు ఆలోచించి చెబుతామన్నారు. మార్చిలో మళ్లీ వెళ్లి వాళ్లతో కూర్చోవాలి.